ఫిజికల్ ఆంత్రోపాలజీ బిగినర్స్ కోర్సు రివ్యూ: పుర్రెలకి ఐదు స్టార్లు, క్విజ్‌లకి ఒకటి

పోయిన వారమే పన్నెండు వారాల కోర్సు అయిపోయింది, సర్టిఫికెట్ కూడా వచ్చింది, దాని మీద నా పేరులో ఒక అక్షరం తప్పు పడింది అది వేరే సంగతి. తీసుకోవాలా వద్దా అని ముగ్గురు నలుగురు అడిగారు, అందరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. ముందే చెప్తున్నా, నాది కామర్స్. బయాలజీ అంటే పదో తరగతిలో గుండె బొమ్మ వేసి భాగాలు గుర్తించడం దగ్గరే ఆగిపోయింది. మానవ పరిణామం, ప్రైమేట్స్ (అంటే లెమర్లు, కోతులు, మనం అందరం ఉండే జంతు వర్గం) అని సిలబస్‌లో చూసి, ఏముందిలే, ఒక కోతి, ఆ తర్వాత కొంచెం వంగి నడిచేవాళ్ళు ఓ నలుగురు, చివర్లో మనం, రెండు వీడియోలు చూస్తే అయిపోద్ది అనుకుని చేరా. తల ప్రాణం తోకకొచ్చింది. మనకి తోక ఎందుకు లేదో కూడా ఇందులోనే వస్తుంది, అక్కడికొస్తా.

మొదటి క్లాసులోనే పాఠం చెప్పే మేడమ్ నా బొమ్మంతా చెరిపేసింది. ఇప్పుడున్న కోతి మనకి తాత కాదు, చింపాంజీ కూడా కాదు, వరసకి చింపాంజీ మనకి పెదనాన్న కొడుకు లాంటిది, ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు దాదాపు 60, 70 లక్షల ఏళ్ళ కింద ఉండేవాళ్ళు, అక్కణ్ణించి వాళ్ళు వాళ్ళ దారిన మారారు మనం మన దారిన మారాం అని. ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా వరస కలిపి చెప్పలేదు నాకు. ఆవిడ ఎక్కడ నోరు విప్పినా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే ఉంటుంది. గొడవంతా ఆవిడ లేని చోట్లే, అంటే క్విజ్‌లు, పాత స్లైడ్లు, వీడియో ప్లేయర్.

కోర్సులో ఏమేం ఇస్తారంటే వారానికి ఓ రెండున్నర గంటల వీడియోలు, వారం చివర క్విజ్, మధ్యలో ఒక జూ అసైన్‌మెంట్, ఇంకా నాలుగో వారంలో ఇంటికొచ్చే ఒక పెట్టె. ఆ పెట్టెలో మూడు రెసిన్ పుర్రెలు, అసలు సైజువే. ఒకటి చింపాంజీ, ఒకటి ఆస్ట్రలోపితెకస్, అంటే లక్షల ఏళ్ళ కిందటి మన వంశపు పాత బంధువు, ఒకటి మనిషి. కింది దవడలు చిన్న స్ప్రింగులతో తగిలించి ఉంటాయి. కోర్సు అయ్యాక వెనక్కి పంపాలి. నేను చెప్పేది ఒక్కటే, ఈ కోర్సులో ఉన్న విలువలో ముప్పాతిక వంతు ఆ పెట్టెలోనూ ఆ జూలోనూ ఉంది, మిగతాది యావరేజ్. పెట్టె లేకుండా వీడియోలు మాత్రమే ఉండే ప్లాన్ కూడా ఒకటుంది, అది మాత్రం తీసుకోకండి.

మొదటి మూడు వారాలు జెనెటిక్స్. ఇక్కడే సగం మంది మానేస్తారనుకుంటా, మా బ్యాచ్ డిస్కషన్ పేజీలో మూడో వారం తర్వాత చప్పుడే లేదు. హార్డీ వైన్‌బర్గ్ అని ఒక సూత్రం, పి స్క్వేర్, టూ పీక్యూ, క్యూ స్క్వేర్ కలిపితే ఒకటి, మ్యాథ్స్ పరంగా ఏం కష్టం కాదు కానీ ఇది దేనికి రా బాబూ అన్నది చెప్పడానికి వాళ్ళకి నలభై నిమిషాలు పట్టింది. అసలు సంగతేంటంటే ఏ మార్పూ జరక్కపోతే ఒక జనాభాలో జన్యువుల లెక్క ఎలా ఉండాలో అది చెప్తుంది, నిజంగా లెక్కేస్తే అలా లేదంటే అక్కడ ఏదో నడుస్తోందన్నమాట. ఇది మొదటి నిమిషంలో చెప్పేసి సికిల్ సెల్ ఉదాహరణలోకి వెళ్తే సరిపోయేది. ఆ ఉదాహరణ మాత్రం బాగుంది. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ వస్తే జబ్బు, ఒక్కటే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ, అందుకే మలేరియా ఎక్కువున్న చోట్ల ఆ చెడ్డ జన్యువు పోకుండా నిలబడిపోయింది. మంచి చెడ్డ అనేది ఊరిని బట్టి మారుతుందని అప్పుడు ఎక్కింది బుర్రకి.

ఈ మూడు వారాల్లో నాకు బాగా నచ్చిన ముక్క క్రోమోజోములది. చింపాంజీకి 48, మనకి 46. రెండు ఎటు పోయాయి? ఎటూ పోలేదు, పూర్వీకుల్లో రెండు వేర్వేరు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని మన రెండో నంబర్ క్రోమోజోమ్ అయ్యాయి. అతుకు కూడా కనిపిస్తుందట, మామూలుగా చివర్లలో ఉండాల్సిన టెలోమియర్ వరసలు దీనికి నడిమధ్యలో ఉన్నాయి. రెండు తాళ్ళు కట్టి ఒక తాడు చేస్తే మధ్యలో ముడి ఉండిపోతుంది కదా, అలా. ఈ ముక్క మూడున్నర నిమిషాలు. హార్డీ వైన్‌బర్గ్ నలభై. వీళ్ళ లెక్కేంటో నాకర్థం కాదు.

నాలుగో వారం నుంచి ప్రైమేట్స్, ఇక్కణ్ణించి కోర్సు లేచి కూర్చుంటుంది. తడి ముక్కు వాళ్ళు ఒక పక్క, అంటే లెమర్లు, లోరిస్‌లు, కుక్క ముక్కులా చెమ్మగా ఉంటుంది, కింది ముందు పళ్ళు దువ్వెనలా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటితోనే బొచ్చు దువ్వుకుంటాయి. పొడి ముక్కు వాళ్ళు ఇంకో పక్క, టార్సియర్లు, కోతులు, వాలిడులు (చింపాంజీ, గొరిల్లా లాంటి ఏప్స్), మనం. ఆ టార్సియర్ ఫొటో చూస్తే ఒకటి పెంచుకోవాలనిపిస్తుంది గానీ దాని ఒక్కో కన్ను దాని మెదడంత ఉంటుంది, ఆ కన్ను గుంటలో తిరగదు, అందుకని తలనే పూర్తిగా వెనక్కి తిప్పేస్తుంది. ఐ ఐ అని ఇంకో లెమర్ ఉంది, మధ్య వేలు పుల్లలా సన్నగా ఉండి చెట్టు బెరడు మీద టకటకా కొట్టి లోపల పురుగు ఎక్కడుందో చప్పుడుని బట్టి కనిపెడుతుంది. మా అమ్మాయి ఆ వీడియో ఆరుసార్లు చూసింది, నా బ్యాండ్‌విడ్త్ అంతా దానికే పోయింది.

ఆ తర్వాత పళ్ళు. మొదట బోరు అనుకున్నా, చివరికి పళ్ళ వారమే నాకు బాగా గుర్తుండిపోయింది. నోటిలో పావు భాగం తీసుకుని లెక్కపెట్టాలి, కొరికే పళ్ళు ఎన్ని, కోరపన్ను ఎన్ని, దాని పక్కన చిన్న దవడ పళ్ళు ఎన్ని, వెనకాల పెద్ద దవడ పళ్ళు ఎన్ని. మనకి 2, 1, 2, 3. ఆఫ్రికా, ఆసియా కోతులకీ అంతే, చింపాంజీకీ అంతే. అమెరికా ఖండాల కోతులకి చాలావరకు 2, 1, 3, 3, అంటే మొత్తం 36. నేను అద్దం ముందు నోరు తెరుచుకుని టూత్‌బ్రష్ వెనక వైపుతో ఒక్కో పన్నూ తట్టుకుంటూ లెక్కపెట్టుకుంటే ఒక మూల 2, 1, 2, 2 వచ్చింది, జ్ఞాన దంతం ఎప్పుడో పీకించుకున్నా కదా. తర్వాత పెట్టెలోంచి చింపాంజీని తీసి లెక్కపెట్టా, సరిగ్గా 2, 1, 2, 3, కాకపోతే కోరపన్ను నా బొటనవేలి మందాన ఉంది, దానికి ఎదురుగా పళ్ళ వరసలో ఖాళీ సందు, నోరు మూస్తే ఎదుటి కోర అందులో కూర్చుంటుంది. వేలు పెట్టి చూశా, ఆ సందులో చిటికెన వేలు పట్టింది. మనిషి పుర్రెలో ఆ సందే లేదు, కోర కూడా మిగతా వాటితో సమానంగా తలొంచుకుని కూర్చుంది. ఆస్ట్రలోపితెకస్‌లో కోర చిన్నదైపోయింది గానీ మన అంత బుద్ధిగా లేదు. మూడు పుర్రెలూ వరసగా పెట్టి పళ్ళే చూస్తూ అరగంట కూర్చున్నానంటే నమ్ముతారో లేదో. ఎక్కడో చదివి తెలుసుకోవడం వేరు, వేలికి తగలడం వేరు.

ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. ఆ వారం క్విజ్‌లో తప్పా ఒప్పా ప్రశ్న, 32 పళ్ళున్న కోతులన్నీ ఓల్డ్ వరల్డ్‌వే, అంటే ఆఫ్రికా, ఆసియా వైపువే అని. నేను తప్పు అని పెట్టా. ఎందుకంటే అమెరికా వైపు మార్మోసెట్లు, టామరిన్లు ఉన్నాయి, వాటికి చివరి దవడ పన్ను లేక 2, 1, 3, 2, మొత్తం కలిపితే 32 వస్తుంది. ఇది ఆ మేడమ్ వీడియోలోనే చెప్పింది, నోట్సులో రాసుకున్నా కూడా. కంప్యూటర్ మాత్రం నాది తప్పని సున్నా ఇచ్చింది. వీడియో నిమిషం సెకను తో సహా రాసి పంపితే తొమ్మిది రోజుల తర్వాత "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. అభిప్రాయం ఏంటండీ, అవి పళ్ళు, లెక్కపెట్టుకోండి.

సరే తోక. కోతికి తోక ఉంటుంది, వాలిడికి ఉండదు, గిబ్బన్, ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, బోనొబో, మనం, ఎవ్వరికీ లేదు. అమెరికా కోతుల్లో స్పైడర్ మంకీ లాంటి కొన్నిటికైతే తోకే ఐదో చెయ్యి, చివర అడుగు భాగంలో బొచ్చు లేని చర్మం, దాని మీద మన వేలిముద్రల్లాంటి గీతలు. మనకి తోకెముక అని ముక్క మిగిలింది అంతే. తోక పోవడం వెనక ఒక జన్యువులో దూరిన చిన్న డీఎన్ఏ ముక్క ఉందని 2024లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది, ఆ సంగతి కోర్సులో లేదు, నేనే బయట చదివా. స్లైడ్లు అప్‌డేట్ చెయ్యరు వీళ్ళు, దాని గురించి ఇంకా చెప్తా.

జూ అసైన్‌మెంట్. ఒక జంతువుని ఎంచుకుని గంటసేపు చూడాలి. ఊరికే చూడటం కాదు, ఫోన్‌లో ప్రతి అర నిమిషానికీ బీప్ పెట్టుకుని, బీప్ కొట్టిన క్షణంలో అది ఏం చేస్తోందో ఒక కోడ్ రాయాలి. తినడానికి త, కూర్చోడానికి క, పక్కదాని బొచ్చు చూడ్డానికి బ, ఇలా మనమే పట్టిక తయారుచేసుకోవాలి. ఇలా ఒక పద్ధతి ప్రకారం చూడకపోతే మన కళ్ళు గొడవలూ గెంతులూ మాత్రమే పట్టుకుంటాయని, మామూలుగా కూర్చున్న టైమ్ అంతా లెక్కలోకి రాదని 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే ఆవిడ గట్టిగా చెప్పిందట, అప్పట్నించి ఫీల్డులో ఇదే పద్ధతి. నేను రీసస్ కోతుల దగ్గర నిలబడ్డా. చెవి కొస చిరిగిన ఒక ఆడదాన్ని పట్టుకున్నా, గుర్తుపట్టడం తేలికని. మొదటి పది నిమిషాలు క, క, క, క. కాళ్ళు లాగుతున్నాయి. ఒకాయన వచ్చి "ఏం రాస్తున్నారు సార్, జూ వాళ్ళా, వీటికి నీళ్ళు పెట్టట్లేదు చూడండి" అని నాకే కంప్లయింట్ ఇచ్చి పోయాడు. ఇరవయ్యో నిమిషంలో ఒక పెద్ద ఆడకోతి అటుగా వచ్చింది. మనది వెంటనే పెదాలు వెనక్కి లాగి పళ్ళన్నీ చూపించి, నోరు అలాగే ఉంచి, నెమ్మదిగా పక్కకి జరిగింది. "నాన్నా, నవ్వుతోంది దాన్ని చూసి" అంది మా అమ్మాయి. నేనూ అదే రాశా, నవ్వింది, స్నేహంగా ఉంది అని.

రిపోర్ట్ వెనక్కొచ్చినప్పుడు ఆ లైన్ కింద ఎర్ర గీత. దిద్దిన అబ్బాయి ఏం రాశాడంటే, సార్ మీరు చూసింది పళ్ళు కనపడటం, పక్కకి జరగడం, అంతవరకే రాయండి, స్నేహం అనేది మీరు చూడలేదు ఊహించారు, రీసస్ కోతుల్లో చప్పుడు లేకుండా పళ్ళు చూపించడం అంటే నువ్వే పెద్ద నేను తగ్గుతున్నా అని, నవ్వు కాదు. మార్కులు కోసినా ఆ అబ్బాయి మీద కోపం రాలేదు, పన్నెండు వారాల్లో నాకు దొరికిన అతి మంచి పాఠం ఆ ఎర్ర గీతే. మొత్తం 120 బీపుల్లో 71 సార్లు ఊరికే కూర్చుంది, 26 సార్లు ఎవరిదో ఒకరి బొచ్చు చూసింది లేదా చూపించుకుంది, తినడం 14, మిగతావి తిరగడం. కోతి చేష్టలు అంటాం గానీ గంటలో చేష్టలు అనదగ్గవి నాలుగో ఐదో, మిగతాదంతా మన ఆదివారం మధ్యాహ్నమే.

ఆ తర్వాతి వారం ఫీల్డ్ స్టడీస్, ఇక్కడ నాకు నిజంగా బాధేసింది ఎందుకంటే ఇంత మంచి సరుకుని ఒక్క వారంలో కుక్కేశారు. జేన్ గూడాల్ 1960లో చింపాంజీల్ని చూడ్డానికి టాంజానియాలోని గోంబే అడవికి వెళ్ళినప్పుడు ఆవిడకి డిగ్రీ కూడా లేదు, అదే ఏడాది చింపాంజీ గడ్డి పుల్లని చెదపుట్టలో దూర్చి చెదల్ని పైకి లాగి తినడం చూసింది, పనిముట్లు చేసేది మనిషొక్కడే అన్న మాట ఆ పుల్లతో పోయింది. అక్కడే 1974 నుంచి 78 దాకా విడిపోయిన రెండు చింపాంజీ గుంపుల మధ్య చంపుకోవడాలు కూడా జరిగాయి, ఒక గుంపు మగవాళ్ళందరూ పోయారు. జపాన్‌లో కోషిమా అనే దీవిలో 1953లో ఇమో అని పేరు పెట్టిన ఏడాదిన్నర ఆడ కోతిపిల్ల చిలగడదుంపకి అంటిన ఇసుకని నీళ్ళలో కడగడం మొదలెట్టింది, దాన్ని చూసి తోటి పిల్లలు, వాళ్ళ అమ్మలు నేర్చుకున్నారు, ముసలి మగవాళ్ళు మాత్రం నేర్చుకోలేదు. ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడు చూసిందే ఇది, పేర్లు చెప్పను. కొండముచ్చుల మీద సారా హర్డీ మౌంట్ ఆబూలో చేసిన పని అయితే వినడానికే కష్టంగా ఉంటుంది. బయటి మగది వచ్చి గుంపుని ఆక్రమించుకోగానే పాలు తాగే పిల్లల్ని చంపేస్తుంది. ఇరుకులో ఉండి మతి చెడి చేస్తున్నాయి అని అంతకుముందు అనుకునేవారు. పాలిచ్చే పిల్ల లేకపోతే తల్లి త్వరగా మళ్ళీ గర్భానికి సిద్ధమవుతుంది, అంటే ఆ మగదానికి తన సంతానం పరంగా లాభం, అందుకని ఇది జబ్బు కాదు ఎత్తుగడ అని ఆవిడ వాదన. 1970లలో పెద్ద గొడవే అయింది దీని మీద. వీటన్నిటికీ కలిపి యాభై నిమిషాలు. కనీసం రెండు వారాలు ఇవ్వాల్సింది.

ఏడో వారం నుంచి ఫాసిల్స్. మళ్ళీ పెట్టె బయటికి. పుర్రెని తిరగేసి అడుగున వెన్నుపాము వెళ్ళే పెద్ద రంధ్రం చూడమన్నారు. చింపాంజీకి అది వెనక్కి ఉంది, మనిషికి అడుగున నడిమధ్యకి దగ్గర్లో ఉంది. ఎందుకంటే నాలుగు కాళ్ళ మీద నడిచేదాని తల వెన్నుకి ముందు వేలాడుతుంది, మన తల వెన్ను మీద కుండలా కూర్చుంటుంది. నేను ఆ రంధ్రంలో చూపుడు వేలు పెట్టి ఒక్కో పుర్రెనీ వేలి మీద నిలబెట్టడానికి ట్రై చేశా. మనిషిది కాస్త ఆగింది. చింపాంజీది ముందుకి దొర్లి టేబుల్ మీంచి పడింది, దవడ ఊడింది, దాని కథ చివర్లో. ఆస్ట్రలోపితెకస్ మెదడు గది చూస్తే చింపాంజీ అంతే ఉంటుంది, నాలుగైదు వందల సీసీ, మనది సగటున 1350 ఉంటుంది కదా, కానీ దాని రంధ్రం మాత్రం ముందుకి జరిగిపోయింది. అంటే ముందు నిలబడ్డాం, బుర్ర పెరగడం చాలా తర్వాత. నేను ఎప్పుడూ రివర్స్‌లో అనుకునేవాణ్ణి, తెలివి వచ్చి లేచి నిలబడ్డామని.

అలా అనుకుంది నేనొక్కణ్ణే కాదట, పెద్ద పెద్ద వాళ్ళే అనుకున్నారు. 1924లో దక్షిణాఫ్రికాలో టౌంగ్ అనే చోట సున్నపురాయి గనిలో దొరికిన పిల్ల పుర్రెని రేమండ్ డార్ట్ స్వెటర్లు అల్లే సూదులతో రాయి గీకి గీకి బయటికి తీశాడు, మూడు నాలుగేళ్ళ పిల్ల, పాలపళ్ళు, మొదటి పెద్ద దవడ పన్ను అప్పుడే వస్తోంది. రంధ్రం ముందుకి ఉంది చూడండి, ఇది నిలబడి నడిచింది అని 1925లో రాస్తే లండన్ పెద్దలు తీసి పక్కన పెట్టారు. ఎందుకంటే వాళ్ళ దగ్గర అప్పటికే 1912 నుంచి పిల్ట్‌డౌన్ మనిషి ఉన్నాడు, పెద్ద బుర్ర, వాలిడి దవడ, పైగా సొంత దేశంలో దొరికాడు. 1953లో తేలిందేంటంటే అది మనిషి పుర్రెకి ఒరాంగుటాన్ దవడ జత చేసి, పళ్ళు అరగదీసి, రంగు పూసి పాతిపెట్టిన దొంగ సరుకు. నలభై ఏళ్ళు మోసపోయారు. ఈ ఎపిసోడ్ మేడమ్ చెప్పిన తీరుకి ఒక స్టార్ ఎక్స్‌ట్రా.

రామపితెకస్ కథ కూడా అంతే. శివాలిక్ కొండల్లో 1932లో లూయిస్ అనే కుర్రాడికి ఒక పై దవడ ముక్క దొరికితే రాముడి పేరు పెట్టాడు. 1960లలో ఇదే మనిషి వంశానికి మొదటి మెట్టు, కోటి నలభై లక్షల ఏళ్ళ నాటిది అని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కించేశారు. అసలు చిక్కు ఎక్కడంటే దవడ నడిమి భాగం లేదు, పక్క ముక్కలే ఉన్నాయి, మధ్య వంపు వాళ్ళు ఊహించి గీసుకున్నారు, మనిషి దవడలా గుండ్రంగా గీశారు, మనిషిలానే కనపడింది. 1967లో సారిచ్, విల్సన్ అనే ఇద్దరు రక్తంలో ప్రొటీన్లు పోల్చి మనమూ చింపాంజీలూ విడిపోయి 50 లక్షల ఏళ్ళే అయింది, కోటి నలభై లక్షల ఏళ్ళ కింద మనిషి వంశం ఎలా ఉంటుంది అన్నారు, ఎముకల వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి పాకిస్తాన్‌లో శివపితెకస్ అని శివుడి పేరున్న ఇంకో ఫాసిల్ వాలిడి మొహం మొత్తంగా దొరికి చూస్తే అచ్చం ఒరాంగుటాన్ పోలిక, రాముడూ శివుడూ ఒకటే అని తేల్చి రామపితెకస్ అనే పేరే తీసేశారు. ఇది వింటున్నప్పుడు పెట్టెలో ఉన్న చింపాంజీ దవడా మనిషి దవడా తిరగేసి పక్కపక్కన పెట్టి చూశా, ఒకటి యూ ఆకారం, పక్కలు సమాంతరంగా, ఇంకోటి వెనక్కి పోయేకొద్దీ విచ్చుకుంటుంది. మధ్య ముక్క మీద చెయ్యి అడ్డం పెడితే నిజంగానే ఎటైనా ఊహించుకోవచ్చు, వాళ్ళని తిట్టలేం.

లూసీ అని పేరు పెట్టిన ఆస్ట్రలోపితెకస్ అస్థిపంజరం గురించి అందరికీ ఎంతో కొంత తెలుసు కాబట్టి ఎక్కువ రాయను, 1974 నవంబర్ 24, ఇథియోపియా హడార్, దాదాపు 32 లక్షల ఏళ్ళు, అస్థిపంజరంలో 40 శాతం, ఎత్తు మూడున్నర అడుగులు. నాకు అంతకుముందు ఏడాది అక్కడే దొరికిన మోకాలే ఎక్కువ నచ్చింది, తొడ ఎముక మోకాలి దగ్గరికి వచ్చేసరికి లోపలికి వాలి ఉంది, మన లాగే, చింపాంజీకి నిటారుగా ఉంటుంది అందుకే అది రెండు కాళ్ళ మీద నడిస్తే అటూ ఇటూ ఊగుతుంది. ఇంకా టాంజానియాలోని లెటోలి. 1976లో అక్కడ పని చేసేవాళ్ళు సరదాకి ఎండిన ఏనుగు పేడ ఒకరి మీద ఒకరు విసురుకుంటుంటే ఒకాయన తప్పించుకోబోయి కింద పడ్డాడు, మొహం ఎదురుగా జంతువుల అడుగుల గుర్తులు. రెండేళ్ళ తర్వాత 1978లో మేరీ లీకీ టీముకి అక్కడే మనుషుల లాంటి అడుగులు దొరికాయి, 36 లక్షల ఏళ్ళ కిందటి అగ్నిపర్వతపు బూడిదలో, బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే, పాదంలో వంపుతో.

డేటింగ్ వారం అంటే మా ఆవిడ ఒకసారి నా వంక అదోలా చూసింది, రాళ్ళ వయసు లెక్కకట్టడం అని చెప్పుకోవాల్సొచ్చింది. కార్బన్ పద్ధతి 50 వేల ఏళ్ళు దాటితే పనికిరాదు, లూసీకి దాంతో పనిలేదు, అక్కడ బూడిద పొరల్లో పొటాషియం ఆర్గాన్‌గా మారడాన్ని కొలుస్తారు, దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్ళు. ఈ మెషిన్లు కూడా బోల్తా పడతాయని చెప్పడానికి పందుల కథ చెప్పారు. కెన్యాలో 1972లో దొరికిన 1470 నంబర్ పుర్రె పైనున్న బూడిద పొర 26 లక్షల ఏళ్ళదని ల్యాబు చెప్తే, పంది పళ్ళ ఫాసిల్స్ చూసేవాళ్ళు ఒప్పుకోలేదు, ఇవే పందులు పక్కన ఇథియోపియాలో 20 లక్షల దగ్గర పొరల్లో ఉన్నాయి, మీ గడియారం తప్పు అన్నారు. కొన్నేళ్ళు కొట్టుకుని మళ్ళీ కొలిస్తే దాదాపు 19 లక్షలు వచ్చింది. పందులే గెలిచాయి.

తొమ్మిది, పది వారాలు నాకు పెద్ద తలనొప్పి. పేర్లు, పేర్లు, పేర్లు. సహెలాంత్రోపస్, ఒర్రోరిన్, ఆర్డిపితెకస్, ఆస్ట్రలోపితెకస్‌లో అరడజను, పరాంత్రోపస్‌లో మూడు, తర్వాత హోమోలు, అంటే మనమూ మనకి బాగా దగ్గరి పాత మనుషులూ. మేడమ్ కనపడరు, స్లైడ్ మీద స్లైడ్, వెనక ఎవరిదో గొంతు. క్విజ్ మొత్తం ఏది ఎక్కడ ఎప్పుడు దొరికింది అనే. బట్టీ పట్టి రాశా, ఇప్పుడు అడిగితే సగం చెప్పలేను. పైగా స్లైడ్లు పాతవి, మన జాతి 2 లక్షల ఏళ్ళ నాటిదని ఉంది, మొరాకో జెబెల్ ఇర్హూద్‌లో దాదాపు 3 లక్షల ఏళ్ళ నాటివి ఉన్నాయని 2017లోనే ప్రకటించారు కదా. దక్షిణాఫ్రికా గుహలో దొరికిన హోమో నలేడి అనే పాత మనుషుల గురించి ఒక్క లైను. 18 సెంటీమీటర్ల సందులోంచి పట్టగలిగే సన్నటి మనుషులు కావాలని ప్రకటన ఇచ్చి, ఆరుగురు ఆడవాళ్ళని గుహలోకి దింపి, పదిహేను వందల పైచిలుకు ఎముకలు బయటికి తీసిన కథని ఒక్క లైన్లో చెప్పడానికి మనసెలా ఒప్పిందో.

నియాండర్తల్స్, అంటే మనకి దగ్గర బంధువులై అంతరించిపోయిన పాత మనుషులు, వాళ్ళ దగ్గర మేడమ్ తిరిగొచ్చింది, ప్రాణం లేచొచ్చింది. వాళ్ళ జీనోమ్ 2010లో చదివారు, ఆఫ్రికా బయటి జనాల డీఎన్ఏలో 2 శాతం దాకా వాళ్ళదే, ఆ పనికి స్వాంటే పాబోకి 2022లో నోబెల్ వచ్చింది. సైబీరియా డెనిసోవా గుహలో ఒక చిన్న ఎముక ముక్క, అందులో డీఎన్ఏ చూస్తే ఆ అమ్మాయి తల్లి నియాండర్తల్, తండ్రి డెనిసోవన్, అంటే ఆ గుహ పేరే పెట్టిన ఇంకో రకం పాత మనిషి. నేను వీడియో ఆపేసి కాసేపు కూర్చున్నా. చివరి వారంలో ఒంటి రంగు, జాతులు (రేస్) అనే మాట గురించి, మనుషుల్లో ఉన్న జన్యు తేడాల్లో 85 శాతం దాకా ఒక్కో జనాభా లోపలే ఉంటాయని 1972లో లెవాంటిన్ వేసిన లెక్క గురించి చెప్పారు. విషయం బాగుంది, ఇరవై నిమిషాల్లో ముగించేశారు, ఫైనల్ క్విజ్ తొందర.

టైమ్ ఎంత పడుతుంది అంటే వారానికి ఐదు గంటలు పెట్టుకోండి, జూ వారం ఎనిమిది. వీడియో ప్లేయర్ ఫోన్‌లో మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటికి పోతుంది, ల్యాప్‌టాప్‌లోనే చూడండి. సైన్స్ బ్యాక్‌గ్రౌండ్ ఉన్నవాళ్ళు మొదటి మూడు వారాలు స్పీడ్ పెంచి చూసినా నష్టం లేదు. ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగేవాళ్ళు ఇటు రాకండి. జూకి పొద్దున్నే వెళ్ళండి, మధ్యాహ్నం వెళ్తే అన్నీ నిద్రే, మీ షీట్ నిండా క క క తప్ప ఏం ఉండదు.

పెట్టె మాత్రం రేపు కొరియర్ అతనికి ఇచ్చెయ్యాలి. చింపాంజీ దవడ స్ప్రింగ్ ఆరోజు పడినప్పుడు ఎటు ఎగిరిందో ఇంకా దొరకలేదు, సోఫా కింద కూడా చూశా. ప్రస్తుతానికి రబ్బర్ బ్యాండ్ వేసి మూశా. మీకు వచ్చే పెట్టెలో చింపాంజీ నోటికి రబ్బర్ బ్యాండ్ ఉంటే అది నేనే, స్ప్రింగ్ దొరికితే పంపిస్తా.